నాణెం మీద గీత: టంకశాలదా, తర్వాతదా?

గాంధారిలో మన పెద్దల పెట్టెల్లో నిజాం కాలపు చార్మినార్ రూపాయి దొరికితే ఏమి చూడాలో నాలుగు మాటలు మనవి చేస్తాను.

దానిపై గీత ఉంటే ఏటవాలు వెలుతురులో భూతద్దంతో చూడండి. అచ్చు పగిలితే ఆ సందులోకి లోహం చేరి గీత ఉబ్బెత్తుగా వస్తుంది. అది టంకశాలలో పుట్టినది. లోనికి దిగిన గీత సాధారణంగా తర్వాత పడిన గాటు. దండలో గుచ్చడానికి అతికించిన కొండి మచ్చ కూడా తర్వాతదే.

నేటి నాణెంపై సంవత్సరం కింద ఉండే నక్షత్రం హైదరాబాదు టంకశాల గుర్తు, లోపం కాదు. దానికి లక్షలిస్తామంటూ ముందుగా రుసుము అడిగేవారిని నమ్మవద్దు. పాత నాణేల లావాదేవీలకు తాను రుసుము తీసుకోనని రిజర్వు బ్యాంకు 2021లోనే ప్రకటించింది. పింఛను సొమ్ము జాగ్రత్త. సెలవు.