మీ బోరు నీళ్లు పరీక్ష చేయించారా?

డోర్నకల్ చుట్టుపక్కల పొలానికి వెళ్లినవాళ్లు దాహమేస్తే బోరు నీళ్లకే దోసిలి పడతారు. నీళ్లు తేటగానే కనిపిస్తాయి. కానీ రాతి పొరల్లోంచి కరిగొచ్చే ఫ్లోరైడ్‌కు రంగూ వాసనా ఉండవు. అది ఎక్కువైతే వచ్చే జబ్బు ఫ్లోరోసిస్‌ను 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. పిల్లల పళ్లపై గార మరకలు, పెద్దలకు ఎముకలు బిగుసుకుపోవడం దాని లక్షణాలు.

తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మేలు. వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 వరకు పర్వాలేదు. కాచినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది.

మోటారు కాసేపు నడిపాక, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో కడిగి నింపండి. ఊరు, బోరు లోతు, తేదీ రాసి అంటించి గ్రామీణ నీటి సరఫరా ప్రయోగశాలకు పంపండి. నైట్రేట్ కూడా చూడమనండి. కొత్త బోరు వేస్తే, పరీక్ష ఫలితం వచ్చాకే తాగండి.