గట్టు మీద తంగేడు



తంగేడు ఎట్లా వుంటుందని పల్లెలో ఎవరూ అడగరు. మెట్టలో, రాళ్ళ దిబ్బల మీద, బాట పక్కన తనంతట తానే పెరుగుతుంది. 2014లో ఏర్పడిన తెలంగాణకు ఇది రాష్ట్రపుష్పం. ఈ పువ్వు లేనిదే మన ఆడపడుచులకు బతుకమ్మ బతుకమ్మలాగా వుండదు. అయినా గట్లు సాపు చేసేటప్పుడు మొదటి వేటు దీని మీదనే. "సార్, అడవిమొక్క, దీనితో మాకేం పని?" అని మొన్న ఒక పెద్దాయన అడిగారు. ఆ మాటకే ఈ పూట జవాబు చెబుతాను.

ఇది సుమారు మనిషెత్తు పొద. ఆకు కాడ మొదట్లో చెవులవంటి రేకలు రెండు వుంటాయి. శాస్త్రనామంలోని 'ఆరిక్యులేటా' అనే మాట ఆ చెవులను బట్టి వచ్చినదే. కాయ కాగితంలాగా పలుచన. బాటల వెంట నీడకు పెంచే సీమ తంగేడు వేరు, విరేచనానికి వాడే నేల తంగేడు వేరు. పశువులు సాధారణంగా దీనిని ముట్టవు గనుక కంచె బాధ లేదు.

వెనుకటి రోజుల్లో దక్షిణదేశపు తోళ్ళ కార్ఖానాలకు దీని పట్ట ముఖ్యమైన సరుకు. తరువాత వాటిల్ పట్ట, క్రోమియం లవణాలు వచ్చి ఆ గిరాకీ పోయింది. ఇప్పుడు మనకు కావలసినది ఆకు.

ట్రాక్టర్లు వచ్చాక దొడ్లో పశువులు తగ్గినవి, పెంట తగ్గినది. మడికి ఎరువు బస్తా తప్ప మరేమీ పడడం లేదు. ఎకరా వరిమడికి 2 టన్నుల పచ్చిరొట్ట అయినా పడవలె. గట్టు తంగేడు ఒక్కటే అంత ఇవ్వదు. కానుగ, గిరిపుష్పం, వేప రెమ్మలు కలుపుకోండి. లేత రెమ్మలే కోసి, నీరు పెట్టిన మడిలో పరచి దమ్ము చేయండి. ముదురు పుల్లలు త్వరగా చివకవు, నాటు వేసే ఆడవాళ్ళ కాళ్ళకు గుచ్చుకుంటాయి. నాటుకు 10, 15 రోజుల ముందే తొక్కిస్తే ఆకు కుళ్ళే వేడి నారుకు తగలదు. చౌడు మడిలో తంగేడు తొక్కడం మన పెద్దల అలవాటు, మంచిదే. కాని కారుచౌడుకు జిప్సం వేయవలసిన చోట వేయవలసినదే, ఆకు దానికి బదులు కాదు.

కాయజాతి మొక్క గదా, జనుములాగా వేళ్ళ బుడిపెలలో నత్రజని కూరుస్తుందని మా విస్తరణ కార్యకర్తలలోనే కొందరు చెబుతూ వుంటారు. తంగేడు వేళ్ళకు ఆ బుడిపెలు వుండవు. దీని బలం ఆకులోనే వున్నది. ఆకు తొక్కిన చోటికే బలం చేరుతుంది.

చక్కెర జబ్బుకు పువ్వు కషాయం తాగేవారున్నారు. దాన్ని నమ్మి డాక్టరు ఇచ్చిన మాత్రలు మాత్రం మానవద్దు.

మొక్క లేని గట్టు మీద వేయడం సులువు. ఎండి గోధుమరంగుకు తిరిగిన కాయలు కోసి గింజ తీయండి. గింజ పైపెంకు గట్టిది. నీళ్ళు మరిగించి, పొయ్యి మీద నుంచి దించి, అందులో గింజలు వేసి రాత్రంతా నాననివ్వండి. తొలకరి పదునులో గజానికొక గుంట చొప్పున రెండేసి గింజలు వేయండి. మొదటి ఏడు కోయకండి. రెండో ఏటి నుంచి నేలకు జానెడు ఎత్తు మిగిల్చి కోస్తే మళ్ళీ చిగురిస్తుంది. నాలుగు పొదల్లో ఒకటి కోయకుండా పువ్వుకు, గింజకు వదలండి.

బతుకమ్మకు పువ్వు తెచ్చే పిల్లలు తొందరలో మొక్కను వేరుతో పెరికి తెస్తారు. వాళ్ళ చేతికి కొడవలి ఇచ్చి, పూల రెమ్మ ఎక్కడ కోయాలో మీరే చూపించండి.