రైతు కట్టిన రాతియిల్లు

(పాఠశాల వార్షికోత్సవ సభలో తల్లిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగము)



ఇంగ్లండు అనగానే మనకు రాజభవనములును, యంత్రశాలలును జ్ఞప్తికి వచ్చును. నేడు మేము ముచ్చటింపనున్నది ఒక రైతు యింటిని గూర్చి. ఆ దేశపు వాయవ్యభాగమున, సరస్సులకు పేరుగన్న కొండసీమలో ట్రౌట్‌బెక్ అను పల్లె కలదు. అచ్చట టౌనెండ్ అను రాతియిల్లు నేటికిని నిలిచియున్నది. అది 1626లో కట్టబడినది. బ్రౌను వంశమువారు తరతరములుగ, 1943 వరకు, అందే కాపురముండిరి. వారు ప్రభువులు కారు. సొంతభూమి గల కర్షకులు.

గోడలకు రాయి, కప్పునకు పలకరాయి, లోపలి పనికి ఓకు కలప. అన్నియు ఆ సీమలో దొరకునవే. అది వానలు మెండుగా గురియు చోటు. కావున గోడలకు సున్నపుపూత పూసి, నీరు లోనికి దిగకుండ జేసిరి. పొగగొట్టములు గుండ్రముగ నుండును. అచ్చటి రాయిని చదరపు మూలలుగ చెక్కుట కష్టము. గుండ్రని కట్టుబడికి మూలరాళ్లతో పనిలేదు. పెద్ద పొయ్యి గల గదియే ఇంటికి ప్రాణము. చలికాలమున ఇంటిల్లిపాదియు అచ్చటనే చేరుదురు. రొట్టెలు కాల్చుట మొదలగు పనులకు ప్రక్కన వేరొక భాగము కలదు.

బాట కావలనున్న కొట్టము మరియు చిత్రమైనది. దానిని కొండవాలున కట్టిరి. మీదివైపునుండి బండి నేరుగా పై అంతస్తులోనికి పోవును; క్రింద పశువులుండును. వాలును చదును చేయుటకు మారుగా, దానినే పనికి వాడుకొనిరి.

అయితే మమ్ము మిక్కిలి ఆకర్షించినది ఆ యింటి గ్రంథాలయము. రైతులే కొని, చదివి, దాచిన పుస్తకములవి. వానిలో 40కి పైగా గ్రంథములకు లోకమున వేరొక ప్రతి కానరాదు! నాడవి చౌక పుస్తకములే. తక్కినవారు పారవేసిరి, వీరు దాచిరి. 1948 నుండి ఆ యింటిని నేషనల్ ట్రస్టు అను సంస్థ కాపాడుచున్నది.

తల్లిదండ్రులారా, మనము ఈ రాష్ట్రమున స్థిరపడి తరములు గడచినవి. మన యిండ్లలో తాతల నాటి తెలుగు పుస్తకములు పెట్టెల అడుగున నున్నవి. ఇల్లు మారునపుడు వానిని తూకమునకు అమ్మివేయుచున్నారు. బడి తెలుగు అక్షరములు నేర్పగలదు. ఆ అక్షరములతో చదువదగినది ఇంట లేకున్న బిడ్డ వానిని త్వరలోనే మరచును. కావున మా విన్నపము రెండే మాటలు. ఆ పుస్తకముల నమ్మవలదు. చినిగినవానిని పాఠశాలకు పంపుడు, మా విద్యార్థులు కుట్టి అట్టలు వేసి తిరిగి యిత్తురు. రాత్రి భోజనమైన పిమ్మట ఒక్క పుటయైనను బిడ్డచేత పైకి చదివించి, మీరు వినుడు.