ద్రాక్షతోటల ఊరు డెలానో



పోయిన పాఠంలో మనం ‘ద్రాక్ష’ అని రాయడం నేర్చుకున్నాం. ఈ రోజు ద్రాక్షతో పెరిగిన ఒక ఊరి కథ చెప్తాను.

ఆ ఊరు డెలానో. అమెరికా దేశంలో కాలిఫోర్నియా రాష్ట్రంలో ఉంది. 1873లో అక్కడికి రైలు వచ్చింది. స్టేషను చుట్టూ ఊరు వెలిసింది. 1915లో పట్టణమైంది. అక్కడ వానలు తక్కువ. బావుల నీళ్లు, కాలువ నీళ్లు పెట్టి ద్రాక్షతోటలు పెంచారు.

తోటలు యజమానులవి. పండ్లు కోసే చేతులు కూలీలవి. వాళ్లు ఫిలిప్పీన్స్ నుంచి, మెక్సికో నుంచి వచ్చినవాళ్లు. మండే ఎండ. చాలీచాలని కూలి. చాలా తోటల్లో మరుగుదొడ్డి ఉండేది కాదు. ఆడవాళ్ల అవస్థ మీకు వేరే చెప్పాలా?

ఒక దేశంవాళ్లు పని మానితే, యజమానులు ఇంకో దేశంవాళ్లను పిలిచేవారు. 1965 సెప్టెంబరు 8న ఫిలిప్పీన్స్ కూలీలు సమ్మె కట్టారు. గంటకు 1 డాలరు 40 సెంట్లు ఇమ్మన్నారు. లారీ ఇట్లియాంగ్ వాళ్ల నాయకుడు. ఎనిమిది రోజులకు మెక్సికోవాళ్లూ కలిశారు. ఇక పిలవడానికి ఎవరున్నారు?

వాళ్ల నాయకుల్లో డొలోరెస్ హుయెర్తా ఒకామె. ఆమె బడిపంతులమ్మ. పిల్లలు ఆకలితో, చెప్పుల్లేకుండా బడికి రావడం చూసింది. ఉద్యోగం మానేసి కూలీల సంఘంలో పనికి దిగింది. నేనూ పంతులమ్మనే కదా! ఆమె సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సమ్మె అయిదేళ్లు సాగింది. పట్నాల్లో ఎందరో ఇల్లాళ్లు ద్రాక్ష కొనడం మానేశారు. చివరికి 1970 జులై 29న యజమానులు డెలానోకు వచ్చి ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. గంటకు 1 డాలరు 80 సెంట్లు కూలి. పురుగుమందుల నుంచి రక్షణ. అంతా కాగితం మీద రాశారు. ఆ షరతులు మాట్లాడి ఒప్పించినామె డొలోరెస్సే.

కథ అక్కడితో అయిపోలేదు. 1973లో గడువు తీరింది. చాలామంది యజమానులు ఆ సంఘంతో మళ్లీ ఒప్పందం రాసుకోలేదు. కూలీలు మళ్లీ పోరాడారు. తమ సంఘాన్ని తామే ఓటేసి ఎంచుకునే హక్కు 1975లో చట్టమైంది.

ఇప్పుడు డెలానో పెద్దదైంది. 2020 లెక్కల్లో 51 వేలమందికి పైగా జనం. ఊరి దగ్గర రెండు పెద్ద జైళ్లు కట్టారు. ఆ జనం లెక్కలో ఖైదీలూ ఉన్నారు. ద్రాక్షతోటలూ ఉన్నాయి. కోసేది ఇప్పటికీ కూలీలే.

అక్కలారా! రేపు కూలి తీసుకునేటప్పుడు మస్టరు అడగండి. మీ పేరు ఎదురుగా ఎన్ని రోజులు వేశారో చదవండి. ఆ తర్వాతే సంతకం పెట్టండి.