ఏస్ కొనాలా, బొలెరో కొనాలా?
(సత్తెనపల్లిలో జరిగిన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మిరప కోతలు మొదలైతే చాలు, నలుగురు కూడిన చోట బండి మాటే. కిరాయిలు కట్టలేకపోతున్నాం, మనమే ఒకటి కొనుక్కుంటే పోలా అంటున్నారు. అందరి చూపూ రెండు బండ్ల మీదే ఉంది. ఒకటి 2005లో వచ్చిన టాటా ఏస్. రెండోది మహీంద్రా బొలెరో పికప్, అందులోనూ 1.7 టన్నులది. మైలేజీ, ఆఫర్ల కబుర్లు షోరూములో ఎటూ చెబుతారు. మనం మన సరుకుతో లెక్క చూద్దాం.

ఏస్ మోసేది ముప్పావు టన్ను అటూ ఇటూ. టిక్కీ 45 కిలోలు వేసుకుంటే 16 టిక్కీలు. బొలెరోకైతే 37. ఎకరానికి 20 క్వింటాళ్ల ఎండుకాయ దిగిందనుకోండి, 44 టిక్కీలు. ఏస్ మూడుసార్లు తిరగాలి. గుంటూరు యార్డుకు పోనూ రానూ 70 కిలోమీటర్లు, మూడుసార్లంటే 200 పైమాటే. సీజన్లో యార్డు గేటు ముందు బారులో ఎంతసేపు నిలబడతామో మీకు చెప్పక్కర్లేదు.

పత్తికి ఈ లెక్క పనికిరాదు. తొక్కి నింపినా బరువు రాకముందే తొట్టి నిండిపోతుంది. అక్కడ తొట్టి పొడవు చూడాలి. ఏస్‌ది 7 అడుగుల పైచిలుకు, బొలెరో 1.7ది 9 అడుగులు. ఇక రేగడి డొంకలో వాన పడ్డాక రెండూ దిగబడేవే. కల్లం నుంచి రోడ్డు దాకా ట్రాక్టరే దిక్కు.

ఇంతవరకు వింటే బొలెరోయే మేలనిపిస్తుంది. కాగితాల దగ్గర ఏస్‌ది పైచేయి. సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. ఏస్ ఆ లోపలే ఉంటుంది, బొలెరో 1.7 దాటుతుంది. లైసెన్సు గురించి మాత్రం భయం వద్దు. 7,500 కిలోల లోపు బండిని కారు లైసెన్సుతోనే నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. 'ఇంకో పది టిక్కీలు పడతాయిలే' అనే అలవాటు మాత్రం మానాలి. 2019 సవరణ తర్వాత అధిక లోడుకు జరిమానా 20,000 రూపాయలు, పైన టన్నుకు 2,000.

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. కాయ కోతకు కూలీలను తొట్టిలో ఎక్కించుకోవద్దు. 2020 మే నెలలో ప్రకాశం జిల్లా రాపర్ల దగ్గర మిరప కోతల నుంచి ఇళ్లకు వెళ్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని గుద్దుకుంది. ఎన్ని ఇళ్లలో దీపం ఆరిందో మనకు తెలుసు. సరుకుతో పాటు వెళ్లే సరుకు యజమానికి, అతని మనిషికి బీమా ఉంటుంది. తొట్టిలో ఊరికే ఎక్కించుకున్నవాళ్లకు ఉండదు. జరగరానిది జరిగితే ఆ కుటుంబాలకు ఎవరిస్తారు? కోర్టు బండి యజమాని వైపే చూస్తుంది. కూలీలకు మనుషుల్ని ఎక్కించే బండే మాట్లాడదాం, ఖర్చయినా సరే.

ఇక అప్పు. మిరప మూడు నెలలు, పత్తి మరికొన్నాళ్లు. వాయిదా మాత్రం పన్నెండు నెలలూ వస్తుంది. 2025లో కాయ ధర కూలిపోయి, కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ఏడాది ఫైనాన్సు కంపెనీ వాయిదా తగ్గించదు. ఆ ఏడాది సెప్టెంబరులో జీఎస్టీ తగ్గించామన్నారు. ట్రాక్టరుకు 5 శాతం చేశారు, సరుకు బండిని 28 నుంచి 18కే దించి ఆపారు. మన పంట మోసే బండి వ్యవసాయంలోకి రాదు కాబోలు!

అందుకని మా మాట ఇది. ఐదెకరాల లోపు వాళ్లు సొంతానికి ఏదీ కొనొద్దు, కిరాయే నయం. ఏడాది పొడుగునా కూరగాయలో, పాలో, ఎరువులో తోలే పని చేతిలో ఉన్నవాళ్లకు ఏస్ సరిపోతుంది. మిరప, పత్తి మాత్రమే ఉన్న నలుగురైదుగురు కలిస్తే బొలెరో. ఆర్సీ ఒకరి పేరునే ఉంటుంది కాబట్టి ఎవరి వంతు ఎంత, డీజిలు ఎవరిది, రిపేరు ఎవరిది, ముందు ఎవరి కాయ వెళ్లాలి అన్నీ అడ్వాన్సు కట్టకముందే స్టాంపు కాగితం మీద రాసుకోండి. రాసిపెట్టేందుకు మన సంఘం కార్యాలయంలో మనిషి ఉంటాడు.