రైలు ప్రమాణాల వెనుక నిపుణుల సంఘాలు

మీలో రాయచూరు వైపువారు ఉంటే ఒక సంగతి గుర్తుచేస్తాను. 1871లో బొంబాయి నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా కంపెనీ పట్టాలు, మద్రాసు నుంచి వచ్చిన మద్రాస్ రైల్వే కంపెనీ పట్టాలు మీ ఊళ్లోనే కలిశాయి. కంపెనీలు వేరు, ఇంజనీర్లు వేరు. అయినా రెండు పట్టాల మధ్య దూరం ఇద్దరికీ ఒక్కటే: అయిదడుగుల ఆరంగుళాలు, అంటే ఇప్పటి లెక్కలో 1676 మిల్లీమీటర్లు. ముందే ఒక కొలత నిర్ణయించి ఉండబట్టి ఆ రెండు దారులూ అతికాయి.

అలా కుదరని చోట ఏమయ్యేదో గుంతకల్లు పాతకాపులకు తెలుసు. మీటరు గేజి మీద వచ్చిన సరుకంతా అక్కడ దింపి, మళ్లీ బ్రాడ్ గేజి వ్యాగన్లకు ఎక్కించవలసి వచ్చేది. కూలి ఖర్చు ఒకటి, ఆలస్యం ఒకటి, పగిలినవీ చిరిగినవీ మరొకటి. ఇక మన ఒడిశా సరిహద్దులో నౌపడా, గుణుపురం మధ్య నడిచిన చిన్న రైలుది రెండున్నర అడుగుల దారి. పెద్ద రైలు గుణుపురం చేరేసరికి 2011 వచ్చింది.

గేజి ఒకటైతే చాలునా? చాలదు. ఆ పట్టాల మీద ఏ ఇంజను నడవాలి, దాని బరువెంత, వేగమెంత, కింద పట్టా ఎంత గట్టిగా ఉండాలి అన్నవి ఒకదానితో ఒకటి ముడిపడిన ప్రశ్నలు. వీటిని తేల్చేందుకే నిపుణుల సంఘాలు కూర్చుంటాయి. అయితే నిపుణులు కూర్చుని రాసినంత మాత్రాన ప్రమాణం సరైనది కావాలని లేదు. అందుకు ఒక పాత కథ చెబుతాను.

1924లో లోకోమోటివ్ స్టాండర్డ్స్ కమిటీ అని ఒక సంఘం ఏర్పడింది. అప్పటికి ఒక్కో కంపెనీ ఒక్కో రకం ఇంజను తెప్పించుకునేది. ఒకదాని విడిభాగం మరొకదానికి పనికిరాదు. దేశమంతటికీ కొన్ని రకాలే ఉండాలని, అవి మన నాసిరకం బొగ్గుతో కూడా నడవాలని ఆ సంఘం ఆలోచించింది. ప్రయాణికుల రైళ్ల కోసం ఎక్స్ఏ, ఎక్స్‌బీ, ఎక్స్‌సీ అని మూడు రకాలు ఖరారయ్యాయి. పసిఫిక్ తరహా ఇంజన్లంటారు వీటిని. ముందు నాలుగు చిన్న చక్రాలు, మధ్యన ఆరు పెద్దవి, వెనుక రెండు చిన్నవి. ఉద్దేశంలో తప్పేమీ లేదు. కాని ఇంజన్లు దారి మీదికి వచ్చాక, వేగంగా పోతున్నప్పుడు ఎక్స్‌బీ పక్కలకు ఊగుతోందని తెలిసింది. అప్పుడప్పుడు పట్టాలు తప్పడమూ జరిగింది. అక్కడొక మార్పు, ఇక్కడొక మార్పు చేస్తూ నడిపించారు.

1937 జూలైలో పాట్నా దగ్గర బిహ్టా వద్ద హౌరా వెళ్లే ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది. దాన్ని లాగుతున్నది ఎక్స్‌బీ ఇంజనే. నూరుమందికి పైగా చనిపోయారు. అలహాబాదు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ థామ్ విచారణ జరిపారు. ఆ తరువాత బ్రిటన్ రైల్వే తనిఖీ అధికారి కర్నల్ మౌంట్ అధ్యక్షతన పసిఫిక్ లోకోమోటివ్ కమిటీ వచ్చింది. ఇంగ్లండులో పేరుపొందిన ఇంజన్ల రూపకర్త విలియం స్టానియర్ అందులో సభ్యుడు. ఒక ఫ్రెంచి ఇంజనీరు కూడా ఉన్నాడు. 1939లో వారి నివేదిక వెలువడింది.

ఆ నివేదిక తప్పును ఒక్కరి నెత్తిన పెట్టలేదు. ఇంజను ముందుభాగాన్ని మోసే చిన్న చక్రాల చట్రం పక్కకు జరిగినప్పుడు దాన్ని తిరిగి నడిమికి తెచ్చే స్ప్రింగుల బలం చాలడంలేదు. దాన్నే ఇంజనీర్లు బోగీ అంటారు. మనం పెట్టె మొత్తాన్ని బోగీ అనేస్తాం గాని, వాళ్ల లెక్కలో కింద చక్రాలున్న చట్రం ఒక్కటే బోగీ. ఇది ఇంజను లోపం. రెండో వైపు, ఆ ఊపుకు తట్టుకునే గట్టిదనం దారికి లేదు. ఊగే ఇంజను పట్టాను వంచుతుంది, వంగిన పట్టా ఇంజనును ఇంకా ఊపుతుంది. ఇంజను గీసినవారు దారి బాగుంటుందనుకున్నారు, దారి చూసేవారు ఇంజను బాగుంటుందనుకున్నారు. నాకు తోచినంతలో అసలు లోపం అక్కడుంది.

యుద్ధం తరువాత వచ్చిన డబ్ల్యూపీ ఇంజను ఈ అనుభవం చూసి గీసినదే. మొదటి 16 ఇంజన్లు 1947లో అమెరికా నుంచి వచ్చాయి. ముందు శంఖంలాంటి ముక్కు, దాని మీద నక్షత్రం. మీలో పెద్దవాళ్లు దాని వెనుక మెయిలు ఎక్కే ఉంటారు.

ఇప్పుడు ఈ పనికి లక్నోలో ఒక పెద్ద సంస్థ ఉంది. పేరు ఆర్‌డీఎస్‌వో. 1930లో పెట్టిన సెంట్రల్ స్టాండర్డ్స్ ఆఫీసును, 1952 నాటి పరిశోధన కేంద్రాన్ని కలిపి 1957లో దీన్ని ఏర్పరచారు. పట్టాలకు ట్రాక్ స్టాండర్డ్స్ కమిటీ, వంతెనలకు మరొక కమిటీ ఉన్నాయి. వివిధ రైల్వేల ట్రాక్ ఇంజనీర్లు తమ సెక్షన్లలో వచ్చిన ఇబ్బందిని అక్కడ పెడతారు. వాదించుకుంటారు కూడా. కమిటీ చేసేది సిఫారసు మాత్రమే, ఒప్పుకునేది రైల్వే బోర్డు. ఒప్పుకుంటే కరెక్షన్ స్లిప్ అని ఒక కాగితం వస్తుంది. ఇంజనీరు చేతిలోని పుస్తకంలో ఫలానా పేరా తీసి, ఇది పెట్టుకోమంటుంది. చూడటానికి చిన్న కాగితమే గాని, దాంతో దేశమంతటా పని చేసే తీరు మారుతుంది.

ఒక్క మాట అనక తప్పదు. రోజూ సుత్తి, స్పానరు పట్టుకుని మైళ్లకొద్దీ నడిచే కీ-మన్ ఆ బల్ల దగ్గర ఉండడు. అతను చూసినది పై అధికారి నోటి మీదుగానే అక్కడికి చేరాలి. దారిలో ఎంత మిగులుతుందో మీరే ఊహించుకోండి.

మన సరిహద్దు నుంచే మరొక ఉదాహరణ. రెండు రైళ్లు ఢీకొనకుండా తనంతట తానే బ్రేకు వేసే కవచ్ పరికరాన్ని మొదట పరీక్షించినది లింగంపల్లి, వికారాబాదు, వాడి మార్గంలోను, వికారాబాదు, బీదరు మార్గంలోను. ప్రయాణికుల రైళ్ల మీద పరీక్షలు 2016 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. దీన్ని ఒక్క కంపెనీ చేయదు. ఒకరు చేసిన పరికరం ఇంజనులో, మరొకరు చేసినది స్టేషనులో ఉన్నా, రెండూ ఒకదాని మాట మరొకదానికి అర్థమయ్యేలా నడవాలి. అది రాసిపెట్టేదే ప్రమాణపత్రం. నడిచిన కొద్దీ బయటపడిన లోటుపాట్లను చూసుకుని దాన్ని దిద్దుతూ వచ్చారు. నాలుగో రూపాన్ని 2024 జూలై 16న ఆర్‌డీఎస్‌వో ఆమోదించింది. రాయచూరులో 1871 నాటి ప్రశ్నే ఇది, ఇప్పుడు రేడియో తరంగాల మీద.

బీదరు, వాడి వైపు వెళ్లేవారు ఈసారి స్టేషను పక్కన సన్నగా, ఎత్తుగా ఉన్న టవరు కనిపిస్తుందేమో చూడండి. పట్టాల నడుమ స్లీపర్ల మీద అక్కడక్కడ బిగించిన చిన్న పలకలు కూడా ఉంటాయి. ఇంజను తాను ఎక్కడున్నదీ వాటిని చదువుకునే తెలుసుకుంటుంది.