సన్నాయికి దూరపు చుట్టము

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో పెండ్లి యనగానే సన్నాయి, డోలు మనకు జ్ఞప్తికి వచ్చును. సన్నాయి యూదువానిని మన మెరుగుదుము. వాని తండ్రిని, తాతను గూడ పేరు పెట్టి పిలువగలము. కాని ఆ సన్నాయిని చేసిన దెవరని అడిగినచో బదులు చెప్పగలవారు అరుదు.

ఈ సందర్భమున లండను నగరపు పనివాని నొకనిని స్మరింపవలసియున్నది. అతడు టామస్ స్టేన్స్‌బీ. 1692లో జన్మించి 1754లో గతించెను. తండ్రి పేరును టామసే. తండ్రియొద్దనే తరిమెన పని నేర్చి, ఫ్లీట్ వీథిలో దుకాణము పెట్టి, పిల్లనగ్రోవులను, ఓబోలను, బసూనులను చేసెను.

బసూను మన సన్నాయికి దూరపు చుట్టము. రెండింటికిని పీక జంట రేకులదే. ఊపిరి ఆ రేకుల సందున దూరగా అవి అదరి నాదము పుట్టును. కొయ్యలోని రంధ్రము పీకకడ సన్నమై, పోను పోను వెడల్పగును. అయితే సన్నాయి తారస్థాయిలో మ్రోగును. బసూను మంద్రమున పలుకును. అంత లోతైన స్వరమునకు సుమారు 8 అడుగుల గొట్టము కావలెను. అది చేతి కందదు గనుక అడుగు తునకలో రెండు రంధ్రములు ప్రక్కప్రక్కన తొలిచి, క్రింద కలిపి, గొట్టమును మడచినట్లు చేయుదురు.

స్టేన్స్‌బీ 1747లో చేసిన బసూను ఒకటి నేటికిని నిలిచియున్నది. అంతకంటె ఒక స్థాయి దిగువను పలుకు కాంట్రాబసూను ఒకటి అతడు 1739లో చేసెను. మనిషిని మించిన యెత్తుగల ఆ వాద్యము డబ్లిన్‌లోని ఐర్లండు జాతీయ ప్రదర్శనశాలలో నున్నది. తన పనిపై పేరు ముద్రించుట అతని వాడుక. ఇట్టి పాత వాద్యముల కొలతలు తీసియే నేటి పనివారు ఆ కాలపు సంగీతమునకు తగిన బసూనులను మరల చేయుచున్నారు.

మన సన్నాయి కొయ్యను తొలిచినవాని నేర్పు తక్కువది కాదు. వాని పేరే మనకు దక్కలేదు. ఊదువారు లేని యిండ్లలో తాతలనాటి సన్నాయిలు అటకలపై బీటలు వారుచుండవచ్చును. వానిని పారవేయకముందు ఇంటి పెద్దలను అడుగుదము: ఇది ఏ కొయ్య? ఏ యూర చేసినది? ఎవరు చేసినది? తెలిసినంత ఒక చీటిపై వ్రాసి దానికి కట్టి యుంచుదము. పేరు దొరకనిచో ఊరి పేరైనను వ్రాయుదము.